ఆ అద్భుతానికి బిల్లు ఎవరు కట్టారు?

2023 ఆగస్టు 2, మెల్‌బోర్న్. మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్, గ్రూప్ దశలో చివరి మ్యాచ్. ముందుకెళ్లాలంటే బ్రెజిల్ గెలిచి తీరాలి. జమైకాకి డ్రా చాలు. ఒకవైపు ఆరో ప్రపంచకప్ ఆడుతున్న మార్తా. ఇంకోవైపు, ఆ ఏడాదికి ముందు ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు. తొంభై నిమిషాలూ, ఆపైన కలిపిన నిమిషాలూ అయిపోయాయి. స్కోరు 0-0. బ్రెజిల్ ఇంటికి, జమైకా ప్రిక్వార్టర్స్‌కి. ఆ ప్రపంచకప్‌లో మార్తాకి అదే ఆఖరి మ్యాచ్ అయింది.

ఇంకో వింత చూడండి. అంతకుముందు ఫ్రాన్స్‌తో 0-0, పనామా మీద 1-0. అంటే మూడు గ్రూప్ మ్యాచ్‌లలో జమైకా మీద ఒక్క గోలూ పడలేదు. ఫ్రాన్స్ అప్పుడు ర్యాంకింగ్స్‌లో 5వది, జమైకా 43వది.

ఈ కథ మన దాకా వచ్చింది, కానీ ఫుట్‌బాల్ కథగా రాలేదు, మోటివేషన్ కథగా వచ్చింది. రీల్స్‌లో వచ్చింది, స్టేటస్‌లలో వచ్చింది. మా సెమినార్ హాల్లో ఒక గెస్ట్ స్పీకర్ నోటి వెంట కూడా వచ్చింది. "వాళ్ల దగ్గర డబ్బుల్లేవు, గ్రౌండ్ లేదు, క్రౌడ్‌ఫండింగ్ చేసుకుని వెళ్లారు. అయినా సాధించారు. మీకేం తక్కువ?" హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, వెనక వరుసలో ఉన్నా కాబట్టి కొంచెం తక్కువ కొట్టాను, అంతే.

నా అభ్యంతరం ఆ అమ్మాయిల మీద కాదు. వాళ్లు ఆడిన ఆట నిజం. "అయినా" అన్న ఆ ఒక్క మాట మీదే నా గొడవ. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో అంత ప్రమాదం. ఏమీ లేకపోయినా సాధించారు అని పదిసార్లు అన్నాక, పదకొండోసారి ఎవడో ఒకడు లేచి "మరి ఇవ్వాల్సిన అవసరం ఏముంది?" అంటాడు. జమైకా మహిళల జట్టు విషయంలో అలాగే జరిగింది, ఒక్కసారి కూడా కాదు.

మొదట దేశం గురించి రెండు ముక్కలు. మనకి జమైకా అంటే సబీనా పార్క్, కోర్ట్నీ వాల్ష్, క్రిస్ గేల్, ఉసేన్ బోల్ట్, బాబ్ మార్లీ. విస్తీర్ణం దాదాపు 11 వేల చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లాలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. జనాభా సుమారు 28 లక్షలు. మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టుని 'రెగే బాయ్జ్' అంటారు, ఆడవాళ్ల జట్టుని 'రెగే గర్ల్జ్' అంటారు.

ఈ గర్ల్జ్ జట్టు 2010 ప్రాంతంలో మూతపడింది. పెద్ద టోర్నమెంట్లకు అర్హత సాధించలేదు, ఫెడరేషన్ దగ్గర డబ్బు లేదు, కాబట్టి కార్యక్రమం ఆపేశారు. ఫిఫా ర్యాంకింగ్స్ జాబితాలోంచి పేరే పోయింది. మహిళల ర్యాంకింగ్ లెక్క ఎలా ఉంటుందో మన సీఎస్‌ఈ వాళ్లకి సులువుగా అర్థమవుతుంది. చెస్‌లో వాడే ఈలో రేటింగ్ లాంటిదే. ఆడితే పాయింట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. ఆడకపోతే పెరగవు సరే, తగ్గడానికి కూడా లేదు. కొంతకాలం అలాగే ఉంటే జాబితాలోంచి తీసేస్తారు. ఓడిపోయిన జట్టుకైనా ఒక నంబర్ ఉంటుంది. ఆడనివ్వని జట్టుకి నంబర్ కూడా ఉండదు.

2014లో బాబ్ మార్లీ కూతురు సెడెల్లా మార్లీ ఇంటికి, ఆమె కొడుకు స్కూల్ నుంచి ఒక కాగితం తెచ్చాడు. మహిళల జట్టుకి చందాలు కావాలని అందులో ఉంది. దేశం జెర్సీ వేసుకునే జట్టు కోసం స్కూల్ పిల్లల చేత కరపత్రాలు పంపిస్తున్నారన్నమాట! మన ఊళ్లో వినాయక చవితి పందిరికి కూడా ఇంతకన్నా పద్ధతిగా చందాలు వసూలు చేస్తారు. ఆమె ఊరుకోలేదు. జట్టుకి అంబాసిడర్ అయింది, తమ్ముళ్లు స్టీఫెన్, డేమియన్‌లతో కలిసి నిధుల కోసం ఒక పాట తీసింది, స్పాన్సర్లను పట్టుకుంది. ఫ్లోరిడాలో ఉండే కోచ్ హ్యూ మెంజీస్ జీతం లేకుండా పని చేయడానికి ఒప్పుకున్నాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుంటుంది. రీల్స్ చేసేవాళ్లు ఇక్కడే ఆపుతారు. కానీ ఆ ఏడాది జట్టు 2015 ప్రపంచకప్‌కి వెళ్లలేకపోయింది. తర్వాత 2016 ఒలింపిక్స్‌కీ వెళ్లలేకపోయింది. అంతే, జట్టుని మళ్లీ మూసేశారు. బాబ్ మార్లీ కూతురు వెనకుండి నడిపిస్తున్న జట్టుకే ఈ గతి పట్టిందంటే ఇక చందా అనేదాని బలమెంతో ఆలోచించండి. గెలిచినంతకాలమే చందాదారుడు ఉంటాడు. ఓడిన మర్నాడు కూడా ప్రాక్టీస్‌కి నెట్లు కట్టాలి, బంతులకి గాలి కొట్టాలి, ఫిజియోకి జీతం ఇవ్వాలి. ఆ మర్నాటి ఖర్చుకి చందా రాదు.

పోనీ, గెలవని జట్టుని ఏ దేశమైనా ఎన్నాళ్లు పోషిస్తుంది, అందులో తప్పేముంది అంటారా? సరే, మగవాళ్ల జట్టు సంగతి చూద్దాం. రెగే బాయ్జ్ 1998లో ఫ్రాన్స్ ప్రపంచకప్ ఆడారు. ఆ తర్వాత 2002, 2006, 2010, 2014, 2018, 2022. వరుసగా ఆరు ప్రపంచకప్‌లకి అర్హత సాధించలేదు. ఆ ఆరింటిలో ఏ ఒక్కదాని తర్వాతా మగవాళ్ల జట్టుని రద్దు చేయలేదు. చేయకూడదు కూడా. వాళ్లకీ డబ్బు గొడవలు ఉన్నాయి, వాళ్లూ ఫెడరేషన్‌తో పోట్లాడారు. కానీ ఓడిపోవడం అనేది వాళ్ల విషయంలో ఆటలో భాగం. ఆడపిల్లల విషయంలో మాత్రం అది జట్టుని ఎత్తేయడానికి కారణం. నన్నడిగితే అసలు తేడా జీతాల్లో కన్నా ఇక్కడ ఎక్కువుంది. ఓడిపోయే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న చోట.

మళ్లీ కూడగట్టుకుని 2018 అక్టోబర్‌లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఫ్రిస్కోలో పనామాతో మూడో స్థానం కోసం ఆడారు. గెలిస్తే ప్రపంచకప్. ఖదీజా షా ఒక గోల్ కొట్టింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో జోడీ బ్రౌన్ ఇంకోటి కొట్టింది. పనామా రెండుసార్లూ సమం చేసింది. 2-2. షూటౌట్‌కి కొద్ది క్షణాల ముందు కోచ్ గోల్‌కీపర్‌ని మార్చేశాడు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న నికోల్ మెక్‌క్లూర్ లోపలికి వచ్చి రెండు పెనాల్టీలు ఆపింది. డొమినిక్ బాండ్-ఫ్లాజా చివరి కిక్ కొట్టింది. 4-2. కరీబియన్ నుంచి మహిళల ప్రపంచకప్‌కి వెళ్లిన మొదటి దేశం జమైకా. నిజంగానే ఒళ్లు గగుర్పొడిచే మ్యాచ్. దొరికితే చూడండి, మిడ్స్ అయ్యాక.

2019లో ఫ్రాన్స్‌లో ఏం జరిగింది? బ్రెజిల్ మీద 0-3, ఇటలీ మీద 0-5, ఆస్ట్రేలియా మీద 1-4. ఆ చివరి మ్యాచ్‌లో సామ్ కెర్ ఒక్కతే నాలుగు గోల్స్ కొట్టింది. జమైకా తరఫున ఆ ఒక్క గోల్ హవానా సొలాన్‌ది, దేశానికి మహిళల ప్రపంచకప్‌లో మొట్టమొదటి గోల్. అయిపోయింది, ఇంటికి వచ్చారు. ఆ సెప్టెంబర్‌లోనే ఆటగాళ్లు బకాయిల కోసం సమ్మెకి దిగారు.

ఇప్పుడు నా అసలు పాయింట్‌కి వస్తాను. దీనికి మన థర్మోడైనమిక్స్ పనికొస్తుంది (ఆ సబ్జెక్ట్ ఎక్కడో ఒకచోట పనికొచ్చిందని మా సార్‌కి చెప్పండి). మొదటి యూనిట్‌లోనే చెబుతారు: సిస్టమ్ బౌండరీ ఎక్కడ గీశావో ముందు చూసుకో. గీత చిన్నగా గీస్తే శక్తి గాల్లోంచి పుట్టినట్టు కనిపిస్తుంది. గీత పెద్దది చేసి చూడు, బయట ఎక్కడో బాయిలర్ మండుతూ ఉంటుంది. జమైకా ఫెడరేషన్ చుట్టూ మాత్రమే గీత గీసి చూస్తే "ఏమీ లేకుండా సాధించారు" అన్నది నిజమే. ఆ గీతని కొంచెం జరిపి చూద్దాం.

ఖదీజా షా స్పానిష్ టౌన్ పిల్ల. పదమూడు మంది సంతానంలో చివరిది. అక్కడి తుపాకుల హింసలో అన్నలను పోగొట్టుకుంది. ఆమెకి ఆట నేర్చుకునే చోటు, చదువు, తిండి, జిమ్, కోచింగ్ ఎక్కడ దొరికాయి? మొదట ఫ్లోరిడాలో ఒక కాలేజీ, తర్వాత టెన్నెసీ యూనివర్సిటీ. అమెరికాలో 1972లో ఒక చట్టం వచ్చింది. టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదని. దాని పుణ్యమా అని అక్కడి కాలేజీలు అమ్మాయిల ఆటలకీ స్కాలర్‌షిప్‌లు పెట్టక తప్పలేదు. షా ఆ దారిలోనే వచ్చింది. జోడీ బ్రౌన్ కూడా అమెరికాలోనే, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఆడింది.

ఇక 2023 జట్టులో మిగతావాళ్లు? గోల్స్ పడకుండా ఆపిన బెకీ స్పెన్సర్, మిడ్‌ఫీల్డ్‌లో డ్రూ స్పెన్స్, ఇద్దరూ ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగినవాళ్లు. అక్కడి క్లబ్బుల్లో తయారైనవాళ్లు. డిఫెన్స్‌లో ఆడిన స్వేబీ అక్కాచెల్లెళ్లు అల్లిసన్, షాంటెల్ అమెరికాలో పుట్టినవాళ్లు. పనామా మీద ఆ ఒక్క గోల్ అల్లిసన్ స్వేబీ హెడరే, ట్రూడీ కార్టర్ కార్నర్ నుంచి. వీళ్ల అమ్మానాన్నలో, తాతముత్తాతలో జమైకా నుంచి వలస వెళ్లారు. వీళ్లు తిరిగి ఆ జెర్సీ వేసుకున్నారు. ఎవరి దేశభక్తినీ నేను శంకించడం లేదు. అమెరికాలో, లండన్‌లో పెరిగిన మన పిల్లలు కూచిపూడి నేర్చుకుంటే మనం మురిసిపోమా? ఇదీ అలాంటిదే. కానీ వాళ్ల తర్ఫీదు ఖర్చు ఎవరు పెట్టారు అన్న లెక్క వేరే. అది అమెరికా కాలేజీలు పెట్టాయి, ఇంగ్లిష్ క్లబ్బులు పెట్టాయి, అమ్మానాన్నలు పెట్టారు.

2023 జూన్‌లో, ప్రపంచకప్‌కి నెల ముందు, ఆటగాళ్లంతా కలిసి సోషల్ మీడియాలో బహిరంగ లేఖ పెట్టారు. ప్లానింగ్, ప్రయాణాలు, బస, ట్రైనింగ్, తిండి, పారితోషికం, ఒక్కటని కాదు. సరిగ్గా ఏర్పాట్లు చేయక ఫ్రెండ్లీ మ్యాచ్‌లు కూడా పోయాయని రాశారు. అన్నీ సవ్యంగా జరగలేదని ఫెడరేషన్ కూడా ఒప్పుకుంది. ఈలోగా ఒక ఆటగత్తె తల్లి ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచింది. ప్రపంచంలో 32 జట్లు ఆడే టోర్నమెంట్‌కి ఒక దేశాన్ని ఒక అమ్మ సాగనంపింది. 'అడగందే అమ్మైనా పెట్టదు' అని మన సామెత. ఇక్కడ అమ్మే వీధిలోకి వచ్చి అడగాల్సి వచ్చింది.

అంటే, జమైకా డబ్బు లేకుండా గెలవలేదు. డబ్బు బోలెడంత ఖర్చయింది. కాకపోతే ఖర్చు పెట్టినవాళ్లు ఎవరూ ఆ జట్టుకి జవాబుదారీ కారు, జవాబుదారీ అయినవాళ్లు సరిపడా ఖర్చు పెట్టలేదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నారు. ఆ దీపం ఆరకుండా ఎవరెవరో చేతులు అడ్డం పెట్టారు. దీపం వెలిగింది కదా అని గాలికి దండ వేస్తున్నాం మనం.

చిన్న దేశం కదా పాపం, ఎక్కడి నుంచి తెస్తుంది అని ఒక ఫ్రెండ్ నాతో అన్నాడు. మంచి ప్రశ్నే. ఫెడరేషన్‌కి అప్పులున్నాయి, కేబుల్ టీవీ హక్కులకి కోట్లు ఇచ్చే మార్కెట్ అక్కడ లేదు, నిజమే. కానీ అదే ద్వీపంలో 'చాంప్స్' అని స్కూళ్ల అథ్లెటిక్స్ పోటీలు 1910 నుంచి జరుగుతున్నాయి. స్కూలు పిల్లల పరుగుపందేలకి కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియం నిండిపోతుంది. టీవీలో లైవ్ ఇస్తారు. ఒక్కో స్కూలుకీ కోచ్‌లు, పాత విద్యార్థుల సంఘాలు, తరాల పంతాలు. దాని ఫలితం? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల 100 మీటర్లలో బంగారం, వెండి, కంచు మూడూ జమైకావే. ఎలైన్ థాంప్సన్-హెరా, షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్, షెరికా జాక్సన్. కాబట్టి 28 లక్షల మంది దేశానికి, ఆ దేశపు ఆడపిల్లలకి, ఒక వ్యవస్థ నిర్మించుకోవడం చేతకాదని అనడానికి లేదు. పరుగులో వందేళ్లుగా చేసి చూపిస్తున్నారు. చిన్నతనం అడ్డం కాదు. ఏది మనది అనుకున్నారో దానికి పెట్టారు.

ఇంకో చిన్న దేశం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనకి కొంచెం ఇబ్బంది పెట్టే ఉదాహరణ. ఐస్‌లాండ్. జనాభా నాలుగు లక్షలు కూడా ఉండదు. మన గుంటూరు ఊరు దానికన్నా పెద్దది. అక్కడ చలికాలం బయట ఆడలేరు కాబట్టి ఊరూరా కప్పున్న ఫుట్‌బాల్ హాళ్లు కట్టారు. చిన్నపిల్లలకి కూడా యుయెఫా లైసెన్స్ ఉన్న కోచ్‌లే నేర్పుతారు, అమ్మాయిలకీ అబ్బాయిలకీ. జాతీయ జట్లకిచ్చే బోనస్‌లు ఆడా మగా సమానం చేస్తున్నట్టు 2018 జనవరిలో ప్రకటించారు. వాళ్ల మహిళల జట్టు 2009 నుంచి 2025 దాకా వరుసగా ఐదు యూరో కప్‌లు ఆడింది. 2024 జులైలో రేక్యవిక్‌లో జర్మనీని 3-0తో కొట్టింది. జర్మనీని!

ఇబ్బంది ఎక్కడంటే, ఇంత చేసిన ఐస్‌లాండ్ మహిళల ప్రపంచకప్‌కి ఒక్కసారి కూడా వెళ్లలేదు. 2022 సెప్టెంబర్‌లో నెదర్లాండ్స్‌తో డ్రా చేసుకుంటే చాలు, ఇంజురీ టైమ్‌లో గోల్ తిన్నారు. తర్వాత ప్లేఆఫ్‌లో పోర్చుగల్ చేతిలో పోయారు. జమైకా రెండుసార్లు వెళ్లింది. యూరప్‌లో పోటీ ఎక్కువ, ఐస్‌లాండ్ డబ్బున్న దేశం, ఇవన్నీ ఒప్పుకుంటాను, రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం అన్యాయమే. అయినా ఒకటి చూడండి. ప్రపంచకప్ ఒక్కటే కొలబద్ద అయితే, చందాల మీద నడిచిన జట్టు పద్ధతే మంచిదని తేలుతుంది! ఫలితం చూసి పద్ధతిని మెచ్చుకుంటే వచ్చే తమాషా ఇదే. ఐస్‌లాండ్ అమ్మాయి 2022లో ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లి ఉంటుంది, కానీ తర్వాతి క్వాలిఫయర్స్‌లో తన జట్టు ఉంటుందా అన్న అనుమానం ఆమెకి రాదు. జమైకా అమ్మాయి గెలిచి నవ్వుతూ వెళ్లినా ఆ అనుమానం వెంటే వస్తుంది.

ఇది మనకెందుకు అంటారేమో. మన బ్రాంచ్ వాళ్లందరికీ తెలిసిన ఒక సీన్ చెబుతాను, ఏ కాలేజీ అని అడగొద్దు. గో-కార్ట్ టీమ్ ఒకటి ఉంది. వెల్డింగ్ షాపుకి అప్పు పెట్టి, మెస్ డబ్బులు మిగుల్చుకుని, ఒకడు బైక్ అమ్ముకుని బండి తయారుచేశారు. ప్రైజ్ కొట్టుకొచ్చారు. గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. అందులో పెద్దల ఫొటోలు నిలువెత్తు, టీమ్ ఫొటో పోస్టల్ స్టాంపంత. మరుసటి ఏడాది జూనియర్లు బడ్జెట్ అడిగితే వచ్చిన జవాబు: "పోయినేడు సీనియర్లు ఏమీ అడక్కుండానే గెలిచారుగా?" ఆ జవాబు విన్నప్పుడు నాకు జమైకా గుర్తొచ్చింది. వాళ్ల కష్టమే వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల మీద సాక్ష్యంగా నిలబడింది. అదే కాలేజీలో అమ్మాయిల త్రోబాల్ టీమ్‌కి గ్రౌండ్ ఎప్పుడిస్తారంటే, అబ్బాయిల క్రికెట్ అయిపోయాక. అంటే చీకటి పడ్డాక. హాస్టల్ గేటు మూసే టైమ్‌కి.

కాబట్టి ఇలాంటి కథలు చెప్పొద్దని నేననడం లేదు. చెప్పేటప్పుడు బిల్లుతో సహా చెప్పండి అంటున్నాను. "డబ్బుల్లేకపోయినా గెలిచారు" అనే బదులు "ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేదు, ఫలానావాళ్లు ఇచ్చారు, ఆటగాళ్లు తమ వయసులో ఇన్నేళ్లు ధారపోశారు" అనండి. రీల్ కాస్త పొడుగవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అంత బాగా అతకదు. అతకకపోతే పోయె.

2023లో ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ రీల్‌లోనూ ఈ భాగం నాకు కనబడలేదు. ఆగస్టు 8న ప్రిక్వార్టర్స్‌లో కొలంబియా చేతిలో 0-1తో ఓడిపోయారు. కాటలీనా ఉస్మే గోల్. ఆ ప్రపంచకప్‌కి ఫిఫా మొదటిసారిగా ఒక్కో ఆటగత్తెకి ఇంత అని లెక్క ప్రకటించింది. ప్రిక్వార్టర్స్ చేరిన జట్టులో ఒక్కొక్కరికి 60 వేల డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 50 లక్షల రూపాయలు. కాకపోతే ఫిఫా ఆ డబ్బు నేరుగా ఆటగాళ్ల చేతికి ఇవ్వదు, ఆయా దేశాల ఫెడరేషన్ల ద్వారానే వెళ్లాలి. మన స్కాలర్‌షిప్ కాలేజీ అకౌంట్లో పడటం, మన అకౌంట్లో పడటం ఒకటి కాదని మనకి వేరే చెప్పాలా?

అక్టోబర్‌లో ఆటగాళ్లు మళ్లీ ప్రకటన ఇచ్చారు. ప్రపంచకప్ తాలూకు చెల్లింపులు తమకి పూర్తిగా అందలేదని, అందుకే రాబోయే మ్యాచ్‌లు ఆడబోమని. ఫెడరేషన్ తన వాదన తను చెప్పుకుంది. గ్వాటెమాలా, పనామాలతో క్వాలిఫయర్స్‌కి ఆ ప్రపంచకప్ ఆటగాళ్లు రాలేదు. ఆగస్టులో బ్రెజిల్‌ని ఇంటికి పంపిన జట్టు అది.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో మొట్టమొదటి డబ్ల్యూ గోల్డ్ కప్ మొదలైంది. పన్నెండు జట్లు. పనామా ఉంది, కిందటి ఏడాది మెల్‌బోర్న్‌లో జమైకాని ఆపిన కొలంబియా కూడా అతిథి జట్టుగా ఉంది. జమైకా లేదు. ఆ సీజన్‌లో ఖదీజా షా మాంచెస్టర్ సిటీ తరఫున 21 గోల్స్ కొట్టి ఇంగ్లండ్ మహిళల లీగ్‌లో గోల్డెన్ బూట్ గెలిచింది. మగా ఆడా ఎవరిని తీసుకున్నా, జమైకా తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషి ఆమే. ఆ గోల్డ్ కప్‌లో తన దేశం తరఫున ఆడడానికి ఆమెకి ఒక్క మ్యాచ్ కూడా లేదు.